పిడుగురాళ్లలో ఒక పూట

మా ఇంట్లో ఒక పాత మోటారు సైకిలున్నది. ఏ కంపెనీదో చెప్పను; చెప్పినందువల్ల దానికీ లాభం లేదు, మనకీ లేదు. 2005లో, నాకు ఉద్యోగం వచ్చిన కొత్తల్లో, మొదటి ఏడాది జీతంలో మిగిల్చిన దానికి కొంత అప్పు కలిపి కొన్నాను. మా పిల్లలిద్దరూ ఆసుపత్రి నుంచి ఇంటికి వచ్చింది ఆటోలో అయినా, బడికి వెళ్ళింది మాత్రం దాని మీదనే.

ఆరు నెలలుగా దానికేదో జబ్బు చేసింది. ఒక్క తన్నుకు స్టార్టవుతుంది. నిలబెట్టి ఉంచితే పిల్లి గురకలాగా హాయిగా నడుస్తుంది. ఎక్కి కూర్చుని నలభై దాటించబోతే మాత్రం మొరాయిస్తుంది. ఎక్సలేటరు ఎంత తిప్పినా గొంతు పట్టుకొన్నట్టు బొంయిమంటుందే గాని ముందుకు లాగదు. ఎత్తు వస్తే దగ్గుతుంది. గుంటూరులో ఇద్దరు మెకానిక్కులకు చూపించాను. మొదటి ఆయన ప్లగ్గు మార్చాడు. రెండవ ఆయన కార్బురేటరు ఊడదీసి, డబ్బాలోంచి ఏదో మందు చిమ్మి కడిగి, మళ్ళీ బిగించి, రెండు రోజులైన తరువాత పెదవి విరిచాడు. "ఇంజను అయిపోయింది మాస్టారూ. బోరు కొట్టించాలి, పిస్టను మార్చాలి. పద్నాలుగు వేలవుతుంది" అన్నాడు.

పద్నాలుగు వేలు పెట్టటానికి మా ఆవిడ ఒప్పుకోలేదు. ఆవిడ తప్పు కాదు. పాత సామాన్లు కొనే అతను అప్పటికే వచ్చి పదకొండు వేలని బేరం పెట్టి వెళ్ళాడు. "కార్తికం వెళ్ళనివ్వండి, ఇచ్చేద్దాం" అన్నది. నేను సరేనన్నాను. అయితే ఇచ్చే ముందు దాని మీద ఒక్కసారి కారెంపూడి వెళ్ళి రావాలనుకొన్నాను. పల్నాటి వీరుల కథ ఇరవై యేళ్ళుగా క్లాసులో పాఠం చెబుతున్నానే గాని, వీరుల తిరునాళ్ళు ఒక్కసారైనా చూచిన పాపాన పోలేదు. కార్తిక అమావాస్యనాడు మొదలై అయిదు రోజులు జరుగుతుంది ఆ ఉత్సవం. రాచగావు, రాయబారం, మందపోరు, కోడిపోరు, కల్లిపాడు అని రోజుకొక పేరు. మూడవనాడు, మందపోరు రోజున, చాపకూడు పెడతారు. బ్రహ్మనాయుడు అన్ని కులాల వారినీ ఒకే చాప మీద కూర్చోబెట్టి అన్నం పెట్టించాడని మనం చదువుకొన్న చాపకూడు అదే. దానికి అందుకోవాలని ఆ రోజు తెల్లవారుజామున బయలుదేరాను.

సత్తెనపల్లి దాటేదాకా తోవ చల్లగానే ఉన్నది. రాజుపాలెం దాటిన దగ్గర్నుంచి పల్నాడు తన ముఖం చూపిస్తుంది. ఇటు పత్తి, అటు మిరప. చేల గట్లమీద ఏరి కుప్పలుగా పోసిన రాళ్ళు. శ్రీనాథుడు ఈ సీమలో తిరిగి జొన్నకూటినీ రాళ్ళనీ చూచి విసుక్కొన్నాడని చాటువులు చెప్పుకొంటాము గదా! పాపం, ఆయనకు సాగరు కాలువ చూచే యోగం లేదు. 1955 డిసెంబరు 10న నెహ్రూగారు పునాదిరాయి వేసిన నాగార్జునసాగరు నుంచి 1967 ఆగస్టు 4న ఇందిరాగాంధీగారు కాలువలకు నీళ్ళు వదిలారు. ఆ కుడికాలువ నీళ్ళు పారిన మేర సీమ రంగు మారింది. రాళ్ళు మాత్రం ఎక్కడివక్కడే ఉన్నవి.

కొండమోడు దగ్గర అద్దంకి–నార్కెట్‌పల్లి రోడ్డు కలుస్తుంది. అక్కడినుంచి లారీల వెనుక లారీలు. మరి కాస్త ముందుకు పోతే చెట్ల ఆకులు తెల్లబడినవి, ఇళ్ళ కప్పులు తెల్లబడినవి, కరెంటు తీగలు కూడా తెల్లబడినవి. మంచు కాబోలు అనుకొన్నాను గాని, ఎనిమిది గంటల ఎండలో మంచేమిటి? అది సున్నం. పిడుగురాళ్ల వచ్చిందన్న మాట.

సరిగా అక్కడే, ఒక చిన్న ఎత్తు ఎక్కబోతూ మా బండి చతికిలబడింది. వెనుక లారీ హారను కొడుతున్నది. దిగి నెట్టుకొంటూ పక్కకు వచ్చాను. వేపచెట్టు కింద ఒక రేకుల షెడ్డు, ముందు నాలుగు పాత టైర్లు, ముప్పై యేళ్ళ మెకానిక్కు. చెట్టు మొదట్లో నులకమంచం మీద డెబ్భై దాటిన ఒక పెద్దాయన తలగుడ్డ ఒళ్ళో పెట్టుకొని కూర్చుని ఉన్నాడు.

నేను నా కథంతా చెప్పి, "ఇంజను అయిపోయిందట. కారెంపూడి దాకా నడిస్తే చాలు" అన్నాను.

మెకానిక్కు స్టార్టు చేసి, ఎక్సలేటరు ఒక్కసారి తిప్పి వదిలాడు. ఇంకోసారి తిప్పాడు. అతనేమీ అనక ముందే మంచం మీద నుంచి పెద్దాయన అన్నాడు:

"ఇంజనుకేమీ కాలేదురా అబ్బాయ్. దానికి ఊపిరందటం లేదు."

ఆ మాట అంటూనే దగ్గాడు. చాలాసేపు దగ్గాడు. కొడుకు ఇంజను ఆపి, దగ్గు తగ్గేదాకా ఆగి, స్పానరు అందుకొన్నాడు.

పాఠకుల్లో చాలామందికి కార్బురేటరు అనే పేరే గాని లోపలి సంగతి తెలియదనుకొంటాను. ఆ రోజు దాకా నాకూ తెలియదు. మెకానిక్కు ట్యాంకు తీసి, కార్బురేటరు పైమూత స్క్రూలు విప్పి, లోపలినుంచి ఒక స్ప్రింగూ, దాని కింద గొట్టంలాంటి ఒక ముక్కా బయటకు తీశాడు. ఆ ముక్క తలకు గొడుగులాగా పలుచని నల్లని రబ్బరు పొర అంటుకొని ఉన్నది. దాని పేరు డయాఫ్రం.

"పాతకాలపు బండ్లలో తీగ లాగితే ఈ స్లైడే నేరుగా పైకి లేచేది సారూ. ఇందులో అట్లా కాదు. మీరు ఎక్సలేటరు తిప్పితే అడుగున రేకు తలుపొకటి తెరుచుకొంటుంది, అంతే. ఇంజను గాలి పీలుస్తుంది. ఆ పీల్పు ఈ స్లైడులో ఉన్న బెజ్జంలోంచి రబ్బరు పైనున్న గదికి తగులుతుంది. రబ్బరు కింద మాత్రం మామూలు బయటి గాలే. పైన గాలి పలచబడితే కింది గాలి రబ్బరును పైకి నెడుతుంది. దానితోపాటు స్లైడు లేస్తుంది, స్లైడుతో సూది లేస్తుంది, పెట్రోలు ఎక్కువ పడుతుంది. ఇంజనుకు ఎంత కావాలో అంతే, కావలసినప్పుడే."

అని రబ్బరును ఎండకు పట్టి చూపించాడు. అంచుకు దగ్గరగా, మడత పడేచోట, కొడవలి వంపు తిరిగిన సన్నని చిరుగు. ఎండ అందులోంచి గీతలాగా కనబడుతున్నది. గోరంత కూడా లేదు.

"ఇంతేనా?" అన్నాను.

"ఇంతే. నిలబడి ఉన్నప్పుడు స్లైడుకు లేవవలసిన పని లేదు, చిన్న జెట్టు పెట్రోలు చాలు. అందుకే ఐడిలింగు బాగుంటుంది. పరుగెత్తమంటేనే చిక్కు. పైగది గాలంతా చిరుగులోంచి కలిసిపోతుంటే ఇక స్లైడు ఎట్లా లేస్తుంది? మీరు తలుపు తెరిచారు గాని, లోపల లేచేవాడు లేడు."

"మరి కార్బురేటరు కడిగారు గదా?"

"కడిగింది మంచిదే. ఆ చిమ్మే మందు రబ్బరుకు తగలకూడదు, ఉబ్బుతుంది. ముందు రబ్బరు తీసి పక్కన పెట్టి కడగాలి. ఇరవై యేళ్ళ వేడికి ఇది ముందే ఎండిపోయి ఉంటుంది. పైగా ఇప్పటి పెట్రోలులో నూటికి ఇరవై పాళ్ళు ఇథనాలు కలుపుతున్నారు. ఈ పాత రబ్బర్లు దానికోసం చేసినవి కావు."

పెద్దాయన మంచం మీద నుంచి చెయ్యి చాపాడు. రబ్బరు తీసికొని, వేళ్ళతో మెల్లగా తడిమి, "తిత్తిరా ఇది. కొలిమి తిత్తి. తిత్తికి చిల్లుపడితే కొలిమి మండుతుందా?" అన్నాడు.

డయాఫ్రం అనే మాటకు తెలుగులో ఏమనాలా అని అప్పటిదాకా నేను మనసులో సమాసాలు కడుతున్నాను. పటలమా, వితానమా అని వెతుకుతున్నాను. ఆయన ఒక్క మాటలో తేల్చేశాడు. తిత్తి. మనం ఊపిరితిత్తులంటాము గదా. కొలిమి దగ్గరి మాటే రొమ్ములోకి వచ్చింది. ఎం.ఏ. చదివి ఇన్నేళ్ళైనా ఆ మాటలో కొలిమి ఉన్నదని నేనెప్పుడూ వినలేదు.

కొత్త రబ్బరు ఊళ్ళో దొరకలేదు. 2020 ఏప్రిలు 1 నుంచి కొత్త కాలుష్య నిబంధనలు వచ్చిన తరువాత కొత్త బండ్లు దాదాపు అన్నిటికీ కార్బురేటరు పోయి ఇంజెక్షను వచ్చింది. పాతవాటి సామాను దుకాణాల్లో తగ్గిపోతున్నది. మెకానిక్కు నరసరావుపేటకు ఫోను చేశాడు. స్లైడుతో సహా ఒకే ఒక్కటి ఉన్నదట, ఆర్టీసీ బస్సులో పార్సిలు వేస్తారట. "పన్నెండింటికి వస్తుంది సారూ."

చాపకూడు మీద ఆశ వదులుకొని నులకమంచం మీద చతికిలబడ్డాను. పెద్దాయన నా ముఖం చూచి, "ఊరికే కూర్చోవటమెందుకు? రండి బాబూ, మా బట్టీలు చూపిస్తా" అని లేచాడు.

ఊరి పేరు గురించి అడిగాను. "పిడుగులు పడ్డాయో రాళ్ళు పడ్డాయో ఎవరు చూశారు? రాళ్ళైతే ఉన్నయ్" అన్నాడు. ఉన్నవి, నిజమే. మామూలు రాళ్ళు కావు. పల్నాటి సున్నపురాయి పేరు మోసినది. రెండువేల యేళ్ళనాడు అమరావతి స్తూపానికి శిల్పులు చెక్కిన తెల్లని పలకలు ఈ పల్నాటి రాతివే. వాటిలో కొన్ని ఇవాళ చెన్నై మ్యూజియములోనూ, లండనులో బ్రిటిష్ మ్యూజియములోనూ ఉన్నవి. 1797లో కాలిన్ మెకంజీ అమరావతి వెళ్ళే నాటికి అక్కడి దిబ్బను రాళ్ళకోసం తవ్వేస్తున్నారు. ఆ శిల్పాల్లో ఎన్నో సున్నానికి కాలిపోయినవని తరువాత చూచినవారు రాశారు. బుద్ధుని కథ చెక్కిన రాయీ, చెక్కని రాయీ బట్టీలో పడితే ఒకటే సున్నం.

ఊరి చుట్టూ బట్టీలే. బావిని తలకిందులు చేసి నేలమీద నిలబెట్టినట్టు ఎత్తుగా ఉంటుంది బట్టీ. పైనుంచి ఒక వరుస రాయి, ఒక వరుస బొగ్గు పోస్తారు. లోపల నిప్పు ఆరదు. తొమ్మిదివందల డిగ్రీల వేడికి రాయిలోని బొగ్గుపులుసు గాలి లేచిపోతుంది. నూరు మణుగుల స్వచ్ఛమైన రాయిలో నలభై నాలుగు మణుగులు గాలిలో కలిసిపోగా యాభై ఆరు మణుగుల గుల్ల మిగులుతుంది. దాన్ని అడుగునుంచి లాగుతారు. గుల్లమీద నీళ్ళు పడితే బుసకొట్టి, పొగలు కక్కి, పిండై కూర్చుంటుంది. చెక్కెర మిల్లులో చెరకురసం తేర్చటానికీ, ఉక్కు కొలిమికీ, రొయ్యల చెరువుకూ, మన గోడకూ, తాంబూలానికీ కావలసింది ఈ సున్నమే. ఆ పక్కనే ముగ్గు మిల్లులు. కాల్చకుండానే మెత్తని తెల్లరాయిని పిండి చేసి మూటలు కడతారు. సంక్రాంతి నెలలో మన వాకిళ్ళలో రథాలూ, పద్మాలూ అయ్యేది ఆ పిండే.

ఒక బట్టీ అడుగున అయిదారుగురు ఆడవాళ్ళు గుల్ల ఏరుతున్నారు. చక్కగా కాలింది ఒకవైపు, సగం కాలింది ఇంకొకవైపు. చీరచెంగు ముక్కుకు అడ్డం చుట్టుకొన్నారు. కనురెప్పలు కూడా తెల్లగా ఉన్నవి. ఒకామె మా పెద్దాయనను చూచి, "ఏం మామా, మళ్ళీ పనిలోకి వస్తావా?" అని నవ్వింది.

"ఇక్కడ ఎన్నాళ్ళు చేశావు బాబాయ్?" అన్నాను.

"నలభై యేళ్ళు. పైన రాయి పోసేవాణ్ణి. నిప్పు ఎర్రగా ఉందా, కమిలిందా, గాలి పడుతుందా లేదా, పైనుంచి వినే చెప్పేవాణ్ణి. బట్టీ కూడా ఊపిరి తీస్తుంది బాబూ. రాయి బాగా కుక్కితే దానికి గాలాడదు, రాయి పచ్చిగా ఉండిపోతుంది. మీ బండి చప్పుడు వినగానే ఆ బట్టీ చప్పుడే గుర్తొచ్చింది."

"మూతికి ఏమి కట్టుకొనేవాడివి?"

"తలగుడ్డ."

ఆ తరువాత ఆయన నాలుగడుగులకొకసారి ఆగుతూ నడిచాడు. ఆగినప్పుడల్లా ఏదో ఒకటి చూపించి చెబుతున్నాడు: అదుగో ముగ్గురాయి లారీ, అదుగో హైదరాబాదు రైలు పోయే దారి. చూపించటానికి ఆగుతున్నాడా, ఆగటానికి చూపిస్తున్నాడా అన్నది నాకు కొంతసేపటికిగాని అర్థం కాలేదు. అర్థమైన తరువాత నేనే ఆగి ప్రశ్నలు అడగటం మొదలుపెట్టాను.

పన్నెండుంబావుకు బస్సు వచ్చింది. మెకానిక్కు పరుగున వెళ్ళి చిన్న పొట్లం తెచ్చాడు. బిగించటం పది నిమిషాల పని గాని, నిదానంగా చేయవలసిన పది నిమిషాలట. రబ్బరు అంచు తన గాడిలో చుట్టూ సరిగా కూర్చోవాలి. అంచుకొక చిన్న చెవిలాంటిది ఉంటుంది, అది దాని గుంటలోకి రావాలి. సూది జెట్టులోకి దిగాలి. స్ప్రింగు వంకర పోకూడదు. ఇదంతా చూడకుండా మూత నొక్కి స్క్రూ బిగిస్తే అంచు నలిగి కొత్త రబ్బరు కూడా ఆనాడే చిరుగుతుందట. కార్బురేటరు కడిగి పొడిగా తుడిచి ఉంచాడు. స్లైడును వేలితో పైకెత్తి, దాని అడుగున బెజ్జం మూసి వదిలాడు. టక్కున పడలేదు. నిద్రవచ్చిన పిల్లవాడి రెప్పలాగా మెల్లగా దిగింది. "చూశారా సారూ, గాలి ఆగింది. అంటే చిల్లు లేదు."

ఎయిర్ ఫిల్టరు కూడా తీసి దులిపాడు. దోసెడు సున్నం రాలింది. "ఈ ఊళ్ళో నెలకొకసారి దులపాలి సారూ. లేకపోతే లోపలికి పోతుంది."

బిగించక ముందు పెద్దాయన కొత్త రబ్బరు ఒకసారి ఇమ్మన్నాడు. అరచేతిలో పెట్టుకొని చూచాడు. వెలుతురుకు పట్టి చూచాడు.

"ఎంతరా ఇది?"

"తొమ్మిది వందలు నాయనా."

"చవకే" అని ఇచ్చేశాడు.

నేనూ, కొడుకూ ఒకరి ముఖం ఒకరం చూచుకోలేదు.

బండి స్టార్టు చేసి ఆ ఎత్తుమీదికే నడిపాను. నలభై, యాభై, అరవై. లాగిన కొద్దీ వస్తున్నది. నా వయస్సులోంచి ఎవరో ఇరవై యేళ్ళు తీసి పక్కన పెట్టినట్టయింది. తిరిగి వచ్చి డబ్బులిచ్చాను. సామాను ఖరీదు కాక మూడు వందలు తీసికొన్నాడు, ఎక్కువ ఇవ్వబోతే పుచ్చుకోలేదు.

"ఇక కారెంపూడి పోతారా?" అన్నాడు పెద్దాయన. "మందపోరు గదా ఇవాళ. నేను చూచి ఆరేళ్ళయింది. బస్సులో నిలబడలేను, ఆ రద్దీలో ఊపిరాడదు."

నేను వెనుక సీటు మీద దుమ్ము తుడిచాను. కొడుకు కాసేపు ఆలోచించి, లోపలినుంచి తువ్వాలు తెచ్చి తడిపి, తండ్రి ముక్కుకూ నోటికీ చుట్టి కట్టాడు. "మెల్లగా పోనివ్వండి సారూ" అన్నాడు. బండి బాగుచేసిన వాడే మెల్లగా పోనివ్వమనటం నేను అదే వినటం.

మెల్లగానే వెళ్ళాము. ఊరు దాటగానే ఆకులకు మళ్ళీ పచ్చరంగు వచ్చింది. పెద్దాయన తువ్వాలు విప్పేసి, నా భుజం మీద చెయ్యి వేసి, దారిపొడుగునా బాలచంద్రుడి కథ చెప్పాడు. నేను క్లాసులో చెప్పే కథకూ ఆయన కథకూ చాలాచోట్ల పొత్తు కుదరలేదు. కుదరనిచోట్ల ఆయనదే బాగున్నది.

నాగులేరు దగ్గరికి చేరేటప్పటికి పంక్తులు లేస్తున్నవి. చివరి పంక్తిలో ఇద్దరికీ చోటు దొరికింది. నా ఎడమపక్క ఎవరో, ఆయన కుడిపక్క ఎవరో ఇద్దరమూ అడగలేదు. అన్నం అడుగంటింది, పులుసు చల్లారింది. రెండుసార్లు వడ్డించుకొన్నాము. తరువాత వీరుల గుడి దగ్గర, కొణతాలు పట్టుకొన్న ఆచారవంతుల మధ్య ఆయన ఒక రాతికి చేరగిలబడి, కళ్ళు మూసుకొని ఊపిరి కూడదీసుకొంటూ డప్పుల చప్పుడు విన్నాడు. చీకటి పడకముందే ఇంటిదగ్గర దింపాను.

పాత సామాన్ల అతను మరుసటి వారం వచ్చాడు. మా ఆవిడే వాకిట్లోకి వెళ్ళి, లేదని చెప్పి పంపేసింది. ఆ సమయానికి ఆవిడ ముగ్గు వేస్తున్నది. పిండి డబ్బా కిందపెట్టి, తెల్లబడిన వేళ్ళు కొంగుకు తుడుచుకొన్నది. నేను ఆ వేళ్ళ వంక చూస్తూ నిలబడ్డాను.

ఆనాడే బజారుకు వెళ్ళి, దుమ్ము ఆపే మంచి మాస్కులు ఒక పెట్టె కొని, ఆర్టీసీ పార్సిలులో పిడుగురాళ్లకు వేశాను. నాలుగు రోజులకు మెకానిక్కు ఫోను చేశాడు.

"నాయన పెట్టుకోవటం లేదు సారూ. బట్టీ దగ్గరికి నడిచిపోయి, గుల్ల ఏరే ఆడవాళ్ళకు పంచిపెట్టి వచ్చాడు. ఇంకో పెట్టె ఎంతవుతుందో కనుక్కోమన్నాడు."